తోరాశ్రవణము

2024వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీని హైదరాబాదు పాతబస్తీలో మా యింట శరన్నవరాత్రములకుఁ గలశస్థాపనము జరిగినది. యూదుల నూతనసంవత్సరమగు రోష్ హషానాయు నానాఁడే వచ్చినది. ఇది వట్టి కాకతాళీయము గాదు. వారి మాసములును జాంద్రమానములే. 19 సంవత్సరములకు 7 అధికమాసములను జేర్చి ఋతువులతో సరిపుచ్చుకొందురు. కావున వారి తిష్రీమాసము మన భాద్రపదమునకో యాశ్వయుజమునకో సరిపడును. పదవనాఁడు ప్రాయశ్చిత్తోపవాసము, పదునైదవనాఁడు పర్ణశాలల పండుగ.

ఈ దినములలోఁ జదువు తోరాభాగములలో నొకటి వైయాకరణులకు మిక్కిలి రుచించును. రోష్ హషానా మొదటిదినమున నాదికాండమునందలి హాగరు కథను జదువుదురు. అబ్రాహా మింటినుండి వెడలఁగొట్టఁబడిన యా దాసి, యెడారిలో నీరు తీఱిపోఁగా, కుమారుని పొదక్రింద విడిచి, వాని చావు చూడఁజాలక దూరముగాఁ గూర్చుండి యేడ్చును. దేవుఁడు బాలుని మొఱ విని నీటిబావిని జూపును. ఆ బాలుఁడు ఇష్మాయేలు. హెబ్రీ భాషలో మూఁడు హల్లుల ‘షమా’ ధాతువునకు వినుట యర్థము. ‘ఏల్’ అనఁగా దేవుఁడు. ‘దేవుఁడు వినును’ అని నామార్థము. వింత యేమనఁగా, ఈ యధ్యాయమున బాలుని పేరొక్కమాఱైనను రాదు. దాసీపుత్రుఁడనియు బాలుఁడనియు మాత్రమే యుండును. అయినను ‘వినెను’ అను క్రియయు దైవనామమును బ్రక్కప్రక్కనే నిలిచి, యెవరును బలుకని యా నామమును దామే వినిపించును.

మన శ్రుతిశబ్దమును వినుటనుండియే పుట్టినది గదా! అయితే వినుట కెవఁ డర్హుఁడు? ద్వితీయోపదేశకాండము ఏడేండ్ల కొకమాఱు పర్ణశాలల పండుగలోఁ బురుషులను, స్త్రీలను, బిడ్డలను, ఊరనున్న పరదేశులను గూడఁ జేర్చి ధర్మమును వినిపింపు మని విధించినది. గౌతమధర్మసూత్రమో, వేదమును విన్న శూద్రుని చెవులను తగరముతోను లక్కతోను నింపుమన్నది. అపశూద్రాధికరణమున శంకరులును దీని నుదాహరించిరి. నేను శిష్యులకుఁ బెక్కేండ్లు ‘త్రపుజతుభ్యాం’ అనుచోట ద్వంద్వసమాసమని విగ్రహము చెప్పి ముందునకు సాఁగితిని. ఏ విద్యార్థియు నన్నుఁ బ్రశ్నింపలేదు. నేనును నన్నుఁ బ్రశ్నించుకొనలేదు.

గుంటూరుజిల్లాలోఁ జేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున మాదిగకులమునఁ బుట్టిన కొన్ని కుటుంబములవారు తాము ఎఫ్రాయీము గోత్రజులమని, బెనె ఎఫ్రాయీం అను పేర యూదాచారములను బాటించుచున్నారు. 1991లో వారి ప్రార్థనామందిర మేర్పడినది. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరిని గూర్చి వ్రాసిన గ్రంథము 2013లో వెలువడినది. వంశనిర్ణయము నా పని గాదు. వినుటయే నేరమని శాస్త్రము చెప్పిన జనులలోఁ గొందఱు, వినుటయే విధి యైన ధర్మమును దమదని యనుచున్నారు. నే నడుగఁదగిన దిందేమియు లేదు.

కొందఱు హెబ్రీ యుచ్చారణమునుబట్టి యిట్టివారిని శంకింతురు. అది తగదు. ‘షమా’ ధాతువు తుదినున్న కంఠ్యవర్ణమునకుఁ దెలుఁగున లిపియే లేదు. నేనిచట దీర్ఘముతో సరిపుచ్చితిని. ఐరోపా యూదులలోఁ బెక్కండ్రును దానిని బలుకరు.