నోరు విప్పని సమస్యలకు థెరపిస్టులు కావాలి

ఏ ఊరి బస్టాండుకెళ్లినా గోడ మీద ఒక ప్రకటన కనిపిస్తుంది. 'నరాల బలహీనతా? ఫలానా లాడ్జి, ఫలానా రూము, మంగళవారం మాత్రమే!' బీటెక్ మూడో ఏడాదిలో మా హాస్టల్ ఫ్రెండ్ ఒకడు అలాంటి రూముకే వెళ్లొచ్చాడు. ఫీజు కట్టమని నాన్న పంపిన డబ్బులో సగం పొడుల డబ్బాలకు పోయింది. వాడికి జబ్బేమీ లేదు, భయం తప్ప. ఆ మాట చెప్పే మనిషి ఎక్కడ దొరుకుతాడో మాకెవరికీ తెలీదు.

ఆ భయానికి వైద్యంలో పేరుంది: ధాత్ సిండ్రోమ్. వీర్యం పోతే ఒంట్లో బలమంతా పోతుందనే దిగులు. 1960లో మన దేశ సైకియాట్రిస్టు ఎన్.ఎన్. విగ్ పెట్టిన పేరిది. ఇలాంటి దిగుళ్లు, దంపతుల మధ్య దూరం, పెళ్లయి ఏళ్లు గడిచినా కలవలేకపోవడం లాంటివి చూసేవాళ్లే సైకోసెక్సువల్, రిలేషన్‌షిప్ థెరపిస్టులు.

పేరు వినగానే నవ్వొస్తుంది కదా? నాకూ వచ్చింది. కానీ ఆ గదిలో జరిగేది మాటలే. థెరపిస్టు ఎవరినీ తాకరు. శరీర పరీక్ష అవసరమైతే డాక్టరు దగ్గరికి పంపుతారు. షుగరు, కొన్ని బీపీ మందులు, డిప్రెషన్ మందులు కూడా ఈ ఇబ్బందులకు కారణం కావచ్చు మరి.

మాటలయ్యాక ఇంటికి హోంవర్క్ ఇస్తారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పనిచేసిన విలియం మాస్టర్స్, వర్జీనియా జాన్సన్ 1970లో తమ పుస్తకంలో వివరించిన 'సెన్సేట్ ఫోకస్' పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. దాంట్లో మొదటి రూలే విచిత్రం: కొన్నాళ్లు కలయిక వద్దు! చేయి పట్టుకోవడం, వీపు నిమరడం లాంటి స్పర్శతో మొదలుపెట్టి మెల్లగా ముందుకెళ్లాలి. రేపటి పరీక్ష రద్దయిందని తెలిసిన రాత్రి ఎలా నిద్రపడుతుంది? ఇదీ అంతే. 'ఫెయిలైతే ఎలా' అన్న కంగారు పోతే సగం సమస్య సర్దుకుంటుంది.

ఇక చదువు సంగతి. 'సెక్స్ థెరపిస్ట్' అనే పేరుతో మన దేశంలో విడిగా ప్రభుత్వ లైసెన్సు లేదు. అందుకే రెండు రోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టేవాళ్లు పుట్టుకొస్తున్నారు. నా అభిప్రాయం అడిగితే, గోడ మీది ప్రకటనకీ ఆ సర్టిఫికెట్‌కీ పెద్ద తేడా లేదు.

గట్టి పునాది వేరే ఉంది. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ సైకియాట్రీ ఒక దారి. సైకాలజీలో డిగ్రీ, పీజీ చేసి, ఆపై రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన క్లినికల్ సైకాలజీ శిక్షణ తీసుకోవడం మరో దారి. సెక్స్ థెరపీ ప్రత్యేక శిక్షణ వీటి తర్వాతే. బీటెక్ వాళ్లకు కొన్ని యూనివర్సిటీలు ఎంఏ సైకాలజీలో సీటిస్తాయి గానీ, దాంతో క్లినికల్ శిక్షణకు అర్హత వస్తుందో లేదో చేరకముందే కనుక్కోండి. 2025 నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో కొత్తగా చేర్చుకోవద్దని యూజీసీ చెప్పింది. ఇంట్లో కూర్చునే డిగ్రీ అని ఎవరైనా ఫోన్ చేస్తే జాగ్రత్త.

మొదట్లో ఉద్యోగాలు ఈ పేరుతో దొరకవు. ఆస్పత్రుల సైకియాట్రీ విభాగాలు, సంతాన సాఫల్య కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థల్లో కౌన్సెలర్‌గానే మొదలవ్వాలి. 1984 చట్టంతో వచ్చిన ఫ్యామిలీ కోర్టుల్లోనూ కౌన్సెలర్లు ఉంటారు. ప్రాక్టీసు నిలబడటానికి ఏళ్లు పడుతుంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్ లెక్కలు ఇక్కడ పనిచేయవు.

ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: 'నేను చూసే కేసుల్ని నాతో కూర్చుని ఎవరు పరిశీలిస్తారు, ఎన్ని గంటలు?' ఈ పనిలో దాన్నే సూపర్‌విజన్ అంటారు. బ్రిటన్, అమెరికాల్లో వృత్తి సంఘాలు అది లేకుండా గుర్తింపు ఇవ్వవు. జవాబు సూటిగా రాకపోతే, ఆ ఫీజు మీ జేబులోనే ఉండనివ్వండి.