రీడింగ్ ఎవరు తీస్తారు?

డిగ్రీ ఫిజిక్స్ ల్యాబులో మీటర్ బ్రిడ్జి ప్రయోగం చేసినవాళ్లకు తెలుసు. మీటరు పొడవున బిగించిన తీగ, దాని మీద జరుపుకుంటూ పోయే జాకీ, గాల్వనామీటరులో అటూ ఇటూ కొట్టుకునే సూది. ఆ సూది సున్నా దగ్గర నిలిచే చోటు పట్టుకోవడమే అసలు పని. నేను మొదట పాఠం చెప్పిన కోఎడ్యుకేషన్ కాలేజీలో బ్యాచికి నలుగురు ఉండేవారు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసున్న బ్యాచిలో జాకీ దాదాపు ఎప్పుడూ మగపిల్లాడి చేతిలోనే ఉండేది. ఆడపిల్లల్లో ఒకరు రీడింగులు రాసుకుంటే ఇంకొకరు రికార్డులో టేబుల్ గీసేవారు. ఎవరూ ఎవరినీ వద్దనలేదు. "నీ రైటింగ్ బాగుంటుంది కదా, నువ్వు రాయి" అన్న మర్యాదలోనే అంతా జరిగిపోయేది. రికార్డు మార్కులు ఆడపిల్లలకే ఎక్కువ వచ్చేవి కూడా. మార్కుల జాబితా చూసినవాళ్లకు ఇక్కడ ఏదో లోటుందన్న అనుమానమే రాదు.

గోదావరి జిల్లాల్లోనే లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. సర్వీసులో రెండో సగం మహిళా కాలేజీలో గడిచింది. అక్కడి ల్యాబు ఏమంత గొప్పది కాదు. సామాను పాతది, గాల్వనామీటర్లలో కొన్నింటి సూదులు అసలు కదిలేవి కావు. అయినా ఉప్పుకాగితంతో తీగ చివర్లు రుద్దేదీ, లూజు కనెక్షన్ వెతికి బిగించేదీ, సూది ఒకే వైపు పోతోందేమిటని తలబద్దలు కొట్టుకునేదీ ఆ పిల్లలే. రాసేదీ వాళ్లే. ఆడపిల్లలకు వేరే కాలేజీ ఎందుకని ఎవరైనా అడిగితే నేను పెద్ద మాటలేం చెప్పను. పని నెమ్మదిగా పక్కవాళ్లకు జారిపోవడానికి అక్కడ ఆ పక్కవాళ్లు ఉండరు, అంతే.

ల్యాబు దాటి బయటికొచ్చినా అదే వరస. మన కోఎడ్ కాలేజీల్లో క్లాసుకు సీఆర్ ఒకరు, ఎల్ఆర్ ఒకరు ఉండటం చదువుకున్నవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. సీఆర్ అంటే క్లాసు మొత్తానికి ప్రతినిధి, ఎక్కువగా మగపిల్లాడే. ఎల్ఆర్ అంటే లేడీస్ రిప్రజెంటేటివ్, ఆడపిల్లల సంగతులు చూసుకునే అమ్మాయి. క్లాసులో సగానికి పైగా అమ్మాయిలే ఉన్నా ఏర్పాటు మాత్రం మారదు. మహిళా కాలేజీలో ఎల్ఆర్ లేదు. పరీక్ష ఫీజు గడువు పెంచమని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాల్సిందీ, ఆర్టీసీ బస్సు మా స్టాపులో ఆపడం లేదని డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వాల్సిందీ సీఆర్ అమ్మాయే. గ్రౌండూ అంతే. కోఎడ్‌లో సాయంత్రం నాలుగైతే గ్రౌండంతా క్రికెట్, అమ్మాయిలు గోడ పక్కనుంచి నడిచిపోయేవారు. మహిళా కాలేజీలో అమ్మాయిలే గ్రౌండులో టెన్నికాయిట్, ఖోఖో ఆడుతూ గొంతు చించుకుని అరిచేవారు.

ఇదంతా కాలేజీలో చేరిన తర్వాతి సంగతి. అసలు చేరడమే కష్టమైన ఇళ్లున్నాయి. అడ్మిషన్ల రోజుల్లో ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకొచ్చి నా బల్ల ముందు నిలబడి, "ఇది ఆడపిల్లల కాలేజీయే కదండీ మేడంగారూ? కాదంటే వాళ్ల నాన్న ఇంటర్‌తో ఆపేత్తానంటన్నారండి" అంది. ఆ తండ్రి ఆలోచన నాకు నచ్చలేదు. కానీ దాన్ని సరిదిద్దేదాకా ఆ పిల్ల చదువు ఆగదుగా. ఆ రోజే సీటిచ్చాం. ఇలాంటి ఇళ్లను దృష్టిలో పెట్టుకునే కేంద్ర ప్రభుత్వం 2004లో కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు తెచ్చింది. చదువులో వెనకబడిన మండలాల్లో, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, పేద కుటుంబాల ఆడపిల్లలకు హాస్టలుతో కలిపి ఆరో తరగతి నుంచి చదువు చెప్పే బడులవి. తర్వాత వాటిలో చాలాచోట్ల ఇంటర్ కూడా పెట్టారు. మధ్యలో బడి మానేసి పత్తి చేలకు పోతున్న పిల్లకు అక్కడ మంచమూ భోజనమూ దొరుకుతాయి. అలాంటి పిల్ల విషయంలో కోఎడ్ మేలా, విడిబడి మేలా అన్న చర్చకు తావే లేదు. ఆ బడి లేకపోతే ఆమెకు చదువే లేదు.

మా గోదావరి వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. ఆడపిల్లకు చదువెందుకని ఊరంతా అడుగుతున్న కాలమది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆడవాళ్ల కోసం హిందీ పాఠశాల నడిపింది. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూనే ఆపిన అమ్మాయి ఈమే. తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి వయసు దాటిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చోబెట్టింది. బాల్యవివాహాలతో, వైధవ్యంతో చదువు తెగిపోయినవాళ్లకు అది రెండో అవకాశం. హైదరాబాదులో కోఠీ మహిళా కళాశాల 1924లోనే మొదలైంది. తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది.

ఇక్కడొక మెలిక ఉంది. ఆడపిల్లల బడి విడిగా ఉండటం వేరు, ఆడపిల్లల చదువు వేరుగా ఉండటం వేరు. కుట్లు, అల్లికలు, వంటతో సరిపెట్టిన బడులు మన దేశంలో ఎన్నో ఉండేవి. 1958లో మహిళా విద్య మీద వేసిన జాతీయ కమిటీకి దుర్గాబాయే అధ్యక్షురాలు. ఆ తర్వాత హంసా మెహతా నాయకత్వంలో వచ్చిన కమిటీ, ఆడా మగా తేడా చూసి పాఠ్యాంశాలు వేరు చేయకూడదని గట్టిగా చెప్పింది. నా దృష్టిలో మహిళా కాలేజీకి పెట్టాల్సిన పరీక్ష అదే. గేటు లోపల ఎంపీసీ ఉందా, ఎలక్ట్రానిక్స్ ఉందా, లేక హోంసైన్సుతో సరిపెట్టారా?

పరిశోధనల మాటకొస్తే అందరూ ఒక్క మాట మీద లేరు. చిక్కేమిటంటే, విడిబడిలో చేరే పిల్లల ఇళ్లు మొదటినుంచీ వేరుగా ఉంటాయి. ఎక్కువ మార్కులొస్తే అది బడి గొప్పా, ఇంటి గొప్పా అని తేల్చడం కష్టం. దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో మాత్రం పిల్లలను హైస్కూళ్లకు లాటరీ పద్ధతిలో పంచేవారు. అందుకే అక్కడి లెక్కలకు విలువ ఎక్కువ. 2013లో అచ్చయిన అధ్యయనం ప్రకారం ఆడపిల్లల బడికి వెళ్లినవారికి కాలేజీ ప్రవేశ పరీక్షలో మార్కులు కొంత మెరుగ్గా వచ్చాయి, నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లినవారూ ఎక్కువే. మగపిల్లల బడుల్లోనూ అదే ఫలితం. స్విట్జర్లాండ్‌లో ఒక హైస్కూల్లో కొందరు అమ్మాయిలను అమ్మాయిల సెక్షన్లోనూ, కొందరిని కలిసిన సెక్షన్లోనూ ఎంపిక లేకుండా వేసి చూశారు. మొదటివారికి లెక్కల్లో మార్కులూ పెరిగాయి, లెక్కలంటే ధైర్యమూ పెరిగింది. అయితే 2014లో అమెరికా పరిశోధకులు 21 దేశాల నుంచి 184 అధ్యయనాలు, 16 లక్షల మంది విద్యార్థుల వివరాలు కలిపి చూస్తే, జాగ్రత్తగా చేసిన అధ్యయనాల్లో తేడా నామమాత్రంగానే కనిపించింది. కాబట్టి మహిళా కాలేజీలో చేరితే ర్యాంకు గ్యారంటీ అనే ప్రకటన చూస్తే నేను నమ్మను. నేను చెబుతున్న లాభం ర్యాంకుల్లో కనిపించేది కాదు.

"రేపు ఉద్యోగంలో మగవాళ్లతో పనిచేయాలి కదా, అప్పుడు బెదరరా?" అని అడుగుతారు. కొందరు మొదట్లో బెదురుతారు, నిజమే. మా దగ్గర బీఎస్సీ చేసి విశాఖలో ఎమ్మెస్సీలో చేరిన అమ్మాయి ఒకసారి ఫోన్ చేసి, "ఇక్కడ కూడా నన్నే రాయమంటున్నారండి మేడం. రోజుకొకరం రీడింగ్ తీద్దాం, ఎవరి రికార్డు వాళ్లే రాసుకుందాం అన్నానండి" అంది. వాళ్లు ఒప్పుకున్నారట. మూడేళ్లు జాకీ పట్టిన అలవాటు లేకపోతే ఆ మాట నోటికొచ్చేదా అని నా అనుమానం.

నాకు నచ్చనివీ చాలా ఉన్నాయి. భద్రత పేరుతో అయిదింటికే హాస్టలు గేటు మూయడం, ఇండస్ట్రియల్ టూరంటే కాగితాల మీద పది సంతకాలు అడగడం, డ్రెస్సు మీద రోజూ ఉపన్యాసాలు. ఇవి చదువులో భాగం కావు, అయినా చాలా మహిళా కాలేజీలు వీటినే ఘనతగా చెప్పుకుంటాయి. తల్లిదండ్రులకు కూడా అవే నచ్చుతాయి, మరి!

అందుకే అమ్మాయిని చేర్చడానికి వెళ్లినప్పుడు ప్రహరీ ఎత్తు చూసి రావద్దు. ల్యాబు తలుపు తీయించండి. బల్లల మీద దుమ్ముంటే ప్రాక్టికల్స్ రికార్డుల్లోనే జరుగుతున్నాయని అర్థం. లైబ్రరీ క్లాసులు అయ్యాక ఎంతసేపు తెరిచి ఉంచుతారో అడగండి. ఆటలు నేర్పే పీడీ పోస్టు ఖాళీగా ఉందేమో, గ్రౌండులో కార్లు పెడుతున్నారేమో చూడండి. వీలైతే ఫైనలియర్ అమ్మాయిని ఒకరిని పక్కకు పిలిచి, కిందటి వారం ప్రాక్టికల్లో తను ఏం చేసిందో చెప్పమనండి.