మాధ్యమాల అధ్యయనం

అక్షరం నేర్చినవాడు పుస్తకం చదవగలడు. కాని దినపత్రిక మొదటి పుటలో ఒక వార్తకు ఎందుకు చోటు దక్కింది, టెలివిజన్ తెరపై ఒకే దృశ్యం ఎందుకు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నది, ఒక వ్యాపార ప్రకటన మన సెల్‌ఫోన్‌నే ఎందుకు వెతుక్కొంటూ వచ్చింది అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పడానికి అక్షరజ్ఞానం ఒక్కటే చాలదు. ఈ ప్రశ్నలను తరగతి గదిలోకి తెచ్చి, క్రమపద్ధతిలో విచారించే విషయమే మాధ్యమాల అధ్యయనం. ఇంగ్లండులో దీనిని ‘మీడియా స్టడీస్’ అని వ్యవహరిస్తారు.

ఇంగ్లండులో విద్యార్థులు సాధారణంగా పదహారేళ్ల వయసులో జి.సి.ఎస్.ఇ. పరీక్షలు పూర్తిచేస్తారు. ఆ తరువాత రెండేళ్ల చదువును ‘సిక్స్త్ ఫామ్’ అంటారు. వయసును బట్టి, కాలవ్యవధిని బట్టి చూస్తే అది మన ఇంటర్మీడియట్ వంటిదే. అయితే మన ఎం.పి.సి., బై.పి.సి. వలె ముందుగా కూర్చిన గ్రూపులు అక్కడ ఉండవు. విద్యార్థి సాధారణంగా మూడు విషయాలను తానే ఎంచుకొని ‘ఎ-లెవెల్’ పరీక్షలకు సిద్ధమవుతాడు. చరిత్ర, ఆంగ్ల సాహిత్యం వంటి విషయాల సరసన మీడియా స్టడీస్‌ను కూడా ఎంచుకోవచ్చు.

ఈ అధ్యయనం వెనుక దీర్ఘమైన ఆలోచన ఉంది. 1933లో ఎఫ్.ఆర్. లీవిస్, డెనిస్ థాంప్సన్ అనే విద్యావేత్తలు ‘కల్చర్ అండ్ ఎన్విరాన్‌మెంట్’ అనే గ్రంథాన్ని ప్రకటించారు. వ్యాపార ప్రకటనలు, చౌకబారు పత్రికలు యువకుల అభిరుచిని చెరుస్తాయనీ, వాటి ప్రభావం నుండి వారిని కాపాడటం ఉపాధ్యాయుని కర్తవ్యమనీ వారు భావించారు. ఈ దృష్టిలో పాఠకుడు రక్షణ కోరే బలహీనుడు మాత్రమే.

తరువాతి తరం ఈ భావనను ప్రశ్నించింది. 1964లో రిచర్డ్ హోగార్ట్ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సమకాలీన సంస్కృతి అధ్యయన కేంద్రాన్ని స్థాపించాడు. ఆయన అనంతరం దానికి సారథ్యం వహించిన స్టువర్ట్ హాల్ జమైకాలో జన్మించిన మేధావి. ఆయన 1973లో వెలువరించిన పత్రంలో ఒక కీలకమైన విషయాన్ని ప్రతిపాదించాడు. సందేశాన్ని రూపొందించేవారు అందులో ఒక అర్థాన్ని నిక్షిప్తం చేస్తారు. కాని దానిని అందుకొనేవారు ఆ అర్థాన్నే గ్రహిస్తారన్న నియమం లేదు. కొందరు దానిని యథాతథంగా అంగీకరిస్తారు. కొందరు తమ అనుభవంతో సరిచూసుకొని కొంతవరకే ఒప్పుకొంటారు. మరికొందరు పూర్తిగా ఎదిరిస్తారు.

2017లో అమలులోకి వచ్చిన ఎ-లెవెల్ పాఠ్యప్రణాళికకు నాలుగు భావనలు ఆధారం. మొదటిది మాధ్యమ భాష: పదాలు, చిత్రాలు, అక్షరాల పరిమాణం, ధ్వని కలిసి అర్థాన్ని ఎలా కల్పిస్తాయి? రెండవది చిత్రణ: వ్యక్తులను, వర్గాలను, ప్రాంతాలను ఏ రూపంలో చూపుతున్నారు? మూడవది పరిశ్రమ: ఆ మాధ్యమం ఎవరి యాజమాన్యంలో ఉంది? దానికి ధనం, సమాచారం ఎక్కడి నుండి అందుతున్నాయి? నాలుగవది శ్రోతలు, ప్రేక్షకులు, పాఠకులు: వారు దానిని ఎలా స్వీకరిస్తున్నారు?

ఒక యథార్థ సంఘటనను పరిశీలిస్తే ఈ ప్రశ్నల విలువ బోధపడుతుంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో క్రీడాప్రాంగణంలో ఫుట్‌బాల్ పోటీ జరిగింది. కిక్కిరిసిన ఆవరణలో లివర్‌పూల్ జట్టు అభిమానులు ఊపిరాడక నలిగిపోయారు. ఆ దుర్ఘటన 97 మందిని బలిగొన్నది. నాలుగు రోజుల తరువాత ‘ది సన్’ పత్రిక తన మొదటి పుటలో ‘సత్యం’ అనే అర్థమిచ్చే శీర్షికను పెద్ద అక్షరాలతో ముద్రించింది. అభిమానులు బాధితుల జేబులు దోచుకొన్నారనీ, సహాయం చేస్తున్న పోలీసులపై దాడి చేశారనీ దాని కింద రాసింది.

ఆ శీర్షికలో ఉన్న గాంభీర్యం మాధ్యమ భాష. ఆత్మీయులను కోల్పోయి దుఃఖిస్తున్న వారిని దొంగలుగా చూపడం చిత్రణ. ఆ సమాచారం పోలీసు అధికారుల నుండి, ఒక పార్లమెంటు సభ్యుని నుండి ఒక వార్తాసంస్థ ద్వారా పత్రికకు చేరడం, దానిని సరిచూడకుండానే అచ్చువేయడం పరిశ్రమకు సంబంధించిన అంశం. లివర్‌పూల్ ప్రజలు ఆ కథనాన్ని నమ్మక, పత్రికను కొనడం మానివేయడం పాఠకుల ప్రతిఘటన. వారి బహిష్కరణ దశాబ్దాలు గడిచినా చల్లారలేదు. ఆ ఆరోపణలు నిరాధారమని 2012లో స్వతంత్ర విచారణ బృందం నిర్ధారించింది. పత్రిక క్షమాపణ చెప్పింది. అభిమానుల ప్రవర్తన ప్రమాదానికి కారణం కాదని 2016లో జ్యూరీ తేల్చింది. నిజం గడప దాటేలోగా అబద్ధం ఊరంతా తిరిగి వస్తుందని నానుడి. ఇక్కడ నిజానికి అధికారికమైన గుర్తింపు లభించడానికి ఇరవైమూడేళ్లు పట్టింది.

ఈ చదువులో సాధనకు కూడా స్థానం ఉంది. మొత్తం మార్కులలో 30 శాతం విద్యార్థి స్వయంగా రూపొందించే పనికి కేటాయించారు. పత్రిక పుటనో, చిన్న దృశ్యచిత్రాన్నో, ప్రకటననో అతడు నిర్దిష్టమైన పాఠకులను లేదా ప్రేక్షకులను ఉద్దేశించి తయారుచేయాలి. ఏ ఛాయాచిత్రాన్ని ఉంచాలి, దేనిని తీసివేయాలి అని తేల్చుకొనేటప్పుడే, ప్రతి పుట వెనుక ఎవరో చేసిన ఎంపిక ఉంటుందని అతనికి అనుభవపూర్వకంగా తెలుస్తుంది.

ఇంతటి ప్రయోజనం ఉన్నా, ఇది తేలికైన చదువని ఇంగ్లండులో ఎగతాళి చేసేవారున్నారు. ‘మిక్కీ మౌస్ చదువు’ అన్న పరిహాసం అక్కడ పరిపాటి. సినిమాలు చూసి మార్కులు సంపాదించడం విద్య ఎలా అవుతుందని వారి ఆక్షేపణ. వైద్యం, ఇంజనీరింగు చదవదలచిన వారికి రసాయన శాస్త్రం, గణితం తోడ్పడినట్లు ఇది తోడ్పడదన్న మాట నిజమే. దీనిని చదివినంత మాత్రాన ఎవరూ పాత్రికేయులు కాలేరు. అయితే సాహిత్యం చదివిన వారందరూ కవులు కావడం లేదు కదా! చదువు విలువను ఉద్యోగంతో మాత్రమే కొలిస్తే, విచక్షణ అనే ఫలితం లెక్కలోకి రాదు.

మన ఇంటర్మీడియట్ గ్రూపులలో ఈ విషయం లేకపోయినా, దాని ప్రశ్నలు మనకూ అవసరమే. ఈ వయసు దాటగానే ఓటు హక్కు చేతికి వస్తుంది. సందేశాన్ని నలుగురికి పంపే సాధనం అంతకుముందే చేతికి వచ్చింది. పంపబోయే ముందు ఒక్క క్షణం ఆగి, దీనిని ఎవరు చెబుతున్నారు, ఎవరిని ఎలా చూపుతున్నారు, దేనిని చెప్పకుండా విడిచిపెట్టారు అని విచారించడం ప్రతి విద్యార్థి అలవరచుకోదగిన గుణం. ఒక పత్రిక తనకు తానే ‘సత్యం’ అని పేరు పెట్టుకొన్నంత మాత్రాన అది సత్యం కాదు. పరీక్షకు నిలిచినదే సత్యం.