సగము తయారైన ఆటను అమ్మవచ్చునా?

రేడియో సెట్టు కొనబోయినవారితో అంగడివాడు, "ఇందులో ప్రస్తుతము మీడియం వేవ్ మాత్రమే పలుకును, షార్ట్ వేవ్ వచ్చే సంవత్సరము పలుకవచ్చును, వెల మాత్రము నేడే పూర్తిగా చెల్లింపుడు" అని చెప్పినచో మనలో ఎందరు కొందురు? అట్టి బేరమును మన పెద్దలు చెవినైనను పెట్టరు. కాని అదే ఇంటిలో, టెలివిజను ప్రక్కన నుండు ఆటల పెట్టెకు మాత్రము ఇట్టి బేరములు నేడు ప్రతిదినము జరుగుచున్నవి.

గేమ్ కన్సోల్ అని వ్యవహరింపబడు ఈ పెట్టెలలో సోనీవారి ప్లేస్టేషన్, మైక్రోసాఫ్టువారి ఎక్స్‌బాక్స్, నింటెండోవారి స్విచ్ ముఖ్యమైనవి. వీనికి కావలసిన ఆటలను ఇప్పుడు ఎక్కువగా ఇంటర్నెట్ ద్వారా ఆ కంపెనీల అంగళ్ళ నుండియే కొనుచున్నారు. పెద్ద ఆట ఒక్కటి 4,000, 5,000 రూపాయల వరకు పలుకుచున్నది. సామాన్య కుటుంబమునకు ఇది చిన్న మొత్తము కాదు. ఆ ధనమునకు చేతికి వచ్చునది ఇంకను తయారగుచున్న ఆటయే అయినచో, అట్టి విక్రయమును అంగీకరింపవచ్చునా, అంగీకరించినచో ఏ నిబంధనలపై, అను విషయమును ఇక్కడ విచారింతము.

పూర్వము ఈ ప్రశ్నకు తావు లేకుండెను. నలువది ఏండ్ల క్రిందట ఆట ఒక చిన్న బిళ్ళపెట్టెలో, అనగా కార్ట్రిడ్జిలో, ఇమిడి వచ్చెడిది. ఒకసారి అది కర్మాగారము దాటిన తరువాత అందలి తప్పును దిద్దుటకు మార్గము లేదు. 1982లో అటారీ కంపెనీ "ఈ.టీ." అను చలనచిత్రము పేర ఒక ఆటను క్రిస్మసు నాటికి అందింపవలెనని సుమారు ఐదు వారములలో ముగించి విడిచెను. అమ్ముడుపోని బిళ్ళలను మరుసటి సంవత్సరము న్యూ మెక్సికో రాష్ట్రములోని ఒక చెత్తగోతిలో పూడ్చిరి. 2014లో వానిని త్రవ్వి తీసిరి కూడ. 1983లో అమెరికాలో ఈ వ్యాపారమంతయు కుప్పగూలెను. దానికి ఈ ఆట ఒక్కటియే కారణము కాదు. నాసిరకపు సరుకు విపణిని ముంచెత్తుటయు, కొనువారికి నమ్మకము పోవుటయు ముఖ్యకారణములలోనివి.

ఆ పిదప అమెరికా విపణిలో ప్రవేశించిన నింటెండో ఒక కట్టుబాటు చేసెను. తన అనుమతి పొందిన ఆటలే తన పెట్టెలో ఆడునట్లు ఒక తాళపు చిప్పును అమర్చి, అట్టి ఆటలపై తన ముద్రను వేసెను. నాటినుండి కన్సోల్ అనగా ఆటను ఆడించు యంత్రము మాత్రమే కాదు, ఆటకు పూచీపడు యంత్రము అను భావము నెలకొన్నది. నేటికిని కన్సోల్ కంపెనీలు ప్రతి ఆటను పరీక్షించిన తరువాతనే అంగడిలో ఉంచుచున్నవి. అమ్మకముపై సాధారణముగా నూటికి 30 వంతులు తాము తీసికొనుచున్నవి. ఈ పూచీని మన చదువరులు గుర్తుంచుకొనవలెను. మన విచారణ అంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఇంటర్నెట్ వచ్చి ఈ పరిస్థితిని మార్చినది. అమ్మిన ఆటను అమ్మిన తరువాత కూడ దిద్దవచ్చును, పెంచవచ్చును. 2009లో స్వీడను దేశపు మార్కస్ పెర్సన్ తన మైన్‌క్రాఫ్ట్ అను ఆటను ముడిరూపముననే తక్కువ వెలకు అమ్మజొచ్చెను. వచ్చిన ధనముతో ఆటను పెంచుచు, 2011 నవంబరులో పూర్తిరూపము నిచ్చెను. 2014లో మైక్రోసాఫ్టు ఆ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది. ఈ విజయమును చూచిన పిమ్మట, 2013 మార్చిలో స్టీమ్ అను కంప్యూటరు ఆటల అంగడి తయారగుచున్న ఆటలకు "ఎర్లీ యాక్సెస్" పేర ఒక ప్రత్యేక విభాగమును తెరచెను. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్టు అధిపతి అయిన మరుసటి సంవత్సరమే, 2015 జూనులో, ఆ కంపెనీ ఎక్స్‌బాక్సు నందును "గేమ్ ప్రివ్యూ" పేర ఇట్టి విభాగమునే ఆరంభించెను. మన ఇండ్లలో పిల్లవాండ్రందరు ఎరిగిన పబ్‌జీ ఆట ఎక్స్‌బాక్సులో 2017 డిసెంబరులో ఈ ద్వారముననే ప్రవేశించి, 2018 సెప్టెంబరులో పూర్తి ఆటగా ప్రకటింపబడెను.

ఈ పద్ధతి వలన మేలు లేదనరాదు. పెట్టుబడి లేని చిన్న బృందము రెండు మూడు సంవత్సరములు శ్రమించి ఒక ఆటను ముగించుట కష్టము. ముందుగా కొనువారి ధనము వారికి అన్నము పెట్టును. ముందుగా ఆడువారి విమర్శ ఆటకు సానబెట్టును. బెల్జియమునకు చెందిన లేరియన్ సంస్థ బాల్డర్స్ గేట్ 3 అను ఆటను 2020 అక్టోబరులో అసంపూర్ణముగానే కంప్యూటరు వారికి అమ్మి, మూడేండ్లపాటు దిద్దుకొని, 2023 ఆగస్టులో పూర్తిచేసి లోకమున మన్ననలు పొందెను. అయితే ఒక సంగతి గమనింపదగినది. ఆ ఆట ప్లేస్టేషనుకు 2023 సెప్టెంబరులో, అనగా పూర్తియైన తరువాతనే, వచ్చెను. ముడిసరుకును కోరి కొన్నవారి నడుమ దానిని పండించి, పూచీగల అంగడికి పండిన తరువాతనే తెచ్చిరన్నమాట.

కీడును చూతము. ఆర్క్ అను ఆట ఇంకను అసంపూర్ణముగా ఉండగనే, 2016 సెప్టెంబరులో దాని కర్తలు ఒక అదనపు భాగమును 20 డాలర్ల వేరు వెలకు అమ్మిరి. వండుచున్న అన్నము దించకమునుపే పాయసమునకు డబ్బు వసూలుచేసినట్లున్నదని కొన్నవారు కోపగించుటలో ఆశ్చర్యము లేదు. ది డే బిఫోర్ అను మరియొక ఆట 2023 డిసెంబరు 7న ఎర్లీ యాక్సెస్‌లో వెలువడెను. నాలుగు దినములకే దానిని చేసిన సంస్థ మూతపడుచున్నట్లు ప్రకటించెను. కొన్నవారికి ధనము తిరిగి వచ్చుట అంగడివారు పూనుకొన్నందువలననే సాధ్యమైనది.

వీటన్నిటికంటె పెద్ద పాఠము మాత్రము అసంపూర్ణమని చెప్పి అమ్మిన ఆటవలన రాలేదు. సంపూర్ణమని చెప్పి అమ్మిన ఆటవలన వచ్చినది. పోలండు దేశపు సీడీ ప్రాజెక్టు సంస్థ సైబర్‌పంక్ 2077 అను ఆటను 2020 డిసెంబరు 10న విడుదల చేసెను. పాత కన్సోళ్ళపై అది మాటిమాటికి నిలిచిపోవుచు, బొమ్మలు చెదరుచు, ఆడుటకు అనువుగాని స్థితిలో నుండెను. వారము దాటగనే సోనీ దానిని తన అంగడినుండి తొలగించి, కొన్నవారికి ధనము వాపసు చేయ పూనుకొనెను. ఆ ఆట తిరిగి సోనీ అంగడికి వచ్చునప్పటికి 2021 జూను నెల అయినది. ఇక్కడ కన్సోల్ కంపెనీల పరీక్ష ఏమైనది? ముద్ర యున్నను పూచీ లేకపోయినది.

అనకాపల్లి బెల్లపు బజారు ఎరిగినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. చెరకు రసమును రసమని చెప్పి అమ్మినచో ఎవరికిని అభ్యంతరము లేదు. దాహమైనవాడు కొని త్రాగును. పాకము కుదరని ముద్దను మేలిరకపు దిమ్మ యని చెప్పి అమ్మినచో అది మోసము. తప్పు పచ్చితనములో లేదు, పేరులో ఉన్నది. కనుక అసంపూర్ణమైన ఆటను అమ్మవచ్చునా అను ప్రశ్నకు మా సమాధానమిది: అమ్మవచ్చును, కాని అసంపూర్ణమైనదిగానే అమ్మవలెను, పూర్తియైన ఆటల వరుసలో దానిని నిలుపరాదు.

ఇది ఆదర్శమే గాని ఆచరణకు వచ్చునా యని సందేహింపనక్కరలేదు. ఇంతకంటె పెద్ద వస్తువు విషయములో మన దేశము ఇట్టి ఏర్పాటును ఇదివరకే చేసికొన్నది. ఆ వస్తువు ఇల్లు. విశాఖపట్టణము చుట్టుప్రక్కల పెరుగుచున్న కాలనీలలో ఎన్నో అపార్టుమెంట్లు పునాది దశలోనే అమ్ముడుపోవుచున్నవి. పూర్వము ఇట్టి కొనుగోలు కేవలము నమ్మకముపై జరిగెడిది. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, జనులు రెరా అని పిలుచునది, కట్టుచున్న ఇంటిని అమ్మరాదని శాసింపలేదు. అమ్ముటకు హద్దులు గీచినది. నిర్ణీత పరిమాణమునకు మించిన కట్టడమును రిజిస్టరు చేయకుండ ప్రకటన చేయరాదు. ఒప్పందము వ్రాసికొనకుండ వెలలో పదవవంతుకు మించి తీసికొనరాదు. కొన్నవారు చెల్లించిన ధనములో నూటికి 70 వంతులు వేరు ఖాతాలో ఉంచి, ఆ భూమికిని ఆ కట్టడమునకును మాత్రమే వెచ్చింపవలెను. చెప్పిన గడువు తప్పి, కొన్నవాడు వైదొలగదలచినచో, వడ్డీతో ధనము తిరిగి ఈయవలెను. ఇప్పించిన తరువాత ఐదేండ్లలో కట్టడపు లోపము బయటపడినచో కట్టినవాడే బాగుచేయవలెను.

గదులు లేని ఇంటికి ఇన్ని రక్షణలుండగా, ఘట్టములు లేని ఆటకు ఒక్కటియు అక్కరలేదా? ఆట కంటికి కనబడు వస్తువు కాదు గదా యని కొంద రందురు. ఈ వాదమునకు సమాధానము మన రాష్ట్రపు వ్యాజ్యముననే దొరకును. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థకును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును అమ్మకపు పన్ను విషయమై నడచిన అభియోగములో 2004 నవంబరున సుప్రీం కోర్టు, డిస్కులపై అమ్మబడు సిద్ధ సాఫ్టువేరు "సరుకు" అగునని తీర్పు చెప్పెను. ఆ తీర్పు పన్నునకు సంబంధించినదే యైనను, కంప్యూటరు కార్యక్రమమును సరుకుగా చూచుట మన న్యాయమునకు క్రొత్త గాదని అది తెలుపుచున్నది. 2020 జులైలో అమలులోనికి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టము, అనగా 2019 చట్టము, డిజిటల్ వస్తువుల క్రయవిక్రయములను ఎలక్ట్రానిక్ వాణిజ్యములో స్పష్టముగ చేర్చి, మోసపుచ్చు ప్రకటనలకు శిక్షను ఏర్పరచినది. అసంపూర్ణమైన ఆటను గూర్చి ప్రత్యేకించి వ్రాసిన నిబంధన మాత్రము ఆ చట్టములో లేదు. సబ్బవరమున న్యాయప్రస్థ ఆవరణలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము నెలకొనియున్నది. ఆటలాడుచు పెరిగిన తరమువారే అక్కడ నేడు చట్టమును అభ్యసించుచున్నారు. ఈ లోటును పూరించు ఆలోచనకు అంతకంటె తగిన తావు మనకు సమీపమున లేదు.

కన్సోల్ కంపెనీలు చేయదగిన పనులను క్లుప్తముగా చెప్పుదుము. మొదటిది, వెల కనబడక మునుపే ఆట అసంపూర్ణమను మాట కనబడవలెను. నేడు ఇందులో ఏమున్నది, ఏమి లేదు అనునది వేరువేరుగా వ్రాయవలెను. రెండవది, కొనుటకు ముందు కొంతసేపు ఉచితముగా ఆడనీయవలెను. 2015లో ఎక్స్‌బాక్సు ప్రివ్యూలోని తొలి ఆటలకు ఇట్టి అవకాశము నిచ్చియుండిరి. మూడవది, ధనము వాపసునకు స్పష్టమైన నియమ ముండవలెను. స్టీమ్ అంగడి 2015 నుండి, కొన్న 14 దినములలోపల, రెండు గంటలకు మించి ఆడనిచో, వాపసు ఇచ్చుచున్నది. నాలుగవది, ఇంటి ధనమువలెనే ఈ ధనములోను కొంత భాగమును ఆట పూర్తియగువరకు అంగడివారు పట్టియుంచవలెను. నూటికి 30 వంతులు తీసికొనువారికి ఈ భారము అధికము కాదు. ఐదవది, మూలము ముగియకుండ అదనపు భాగములను అమ్మనీయరాదు.

ఇక గృహస్థులు చేయదగినది. పిల్లవాడు ఒక ఆటను కోరినప్పుడు ఒక్క ప్రశ్న వేయుడు: "రేపటినుండి దీనిపై పని ఆగిపోయినచో, నేడున్నంతలోనే ఈ ఆట ఇంత వెల చేయునా?" చేయును అని తోచినచో కొనుడు, లేనిచో ఆగుడు. ఆట పారిపోదు, పూర్తియైన తరువాత తరచు తక్కువ వెలకే దొరకును. దిద్దుబాటు ఒక్కొక్కటి అనేక గిగాబైట్ల బరువుండును గనుక, ఇంటి ఇంటర్నెట్ దానిని మోయగలదా యని కూడ చూచుకొనుడు. కొన్ననాటి ప్రకటనను, రసీదును భద్రపరచుడు. అంగడివారు సమాధానము చెప్పనిచో 1915 అను జాతీయ వినియోగదారుల టెలిఫోను నంబరునకు చెప్పుకొనవచ్చును. వెల ఐదు లక్షల రూపాయలకు మించని వస్తువుపై జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదుకు రుసుము లేదు. ఫిర్యాదిదారు తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేయవచ్చును. కారణము పుట్టిన రెండు సంవత్సరములలో చేయవలెను.

ముందుగా డబ్బిచ్చి ఒక క్రొత్త కృషికి ఊత మిచ్చుట మంచి గుణమే. కాని అట్లు ఇచ్చునది సహాయమని ఇచ్చువానికి తెలిసియుండవలెను. సరుకు కొనుచున్నానని భ్రమపడినవానినుండి సహాయము పుచ్చుకొనుట న్యాయము కాదు. తెలిసి ఇచ్చినవాడు ఆట చెడిపోయినను నష్టమును ఓర్చుకొనును. తెలియక ఇచ్చినవాడు మరునాడు మంచి ఆటను తెచ్చినవానిని కూడ నమ్మడు. 1983లో ఆ వ్యాపారమును ముంచిన కారణములలో ఈ అపనమ్మకము ఒకటి యని అంగడివారు మరువకుందురుగాక.