ప్రింటర్ మూగబోయిన శుక్రవారం

న్యూఢిల్లీ:

ప్రభుత్వ కార్యాలయాలలో నిత్యం వినవచ్చే ఫిర్యాదులలో అతి సామాన్యమైనదీ, పై అధికారులు ఎన్నడూ చెవిన పెట్టనిదీ ఒకటున్నది: "ప్రింటు రావడం లేదు." గుమాస్తా యంత్రాన్ని ఆపి మళ్లీ వేస్తాడు. తీగ ఊడిందేమో, కాగితం ఇరుక్కున్నదేమో చూస్తాడు. అప్పటికీ ఫలితం లేకపోతే "సర్వర్ సమస్య" అని తేల్చి టీ తాగడానికి వెళతాడు. ఢిల్లీలోనే కాదు, ఉపఖండంలో ఏ రాజధానికి వెళ్లినా ఈ తంతు ఇంచుమించు ఒక్క తీరుగానే నడుస్తుంది. అయితే ఒకసారి ఈ ఫిర్యాదు మాటున ఒక పేద దేశపు విదేశీ మారక ద్రవ్యం కోట్ల డాలర్ల మేరకు తరలిపోయింది. 2016 ఫిబ్రవరిలో ఢాకాలో జరిగిన ఆ ఉదంతాన్ని అందరూ బ్యాంకు దోపిడీగా చెప్పుకొంటారు. దానిని ఒక ప్రింటర్ కథగా చదివితే మన కార్యాలయాలకు పనికివచ్చే సంగతులు ఎక్కువగా కనిపిస్తాయి.

నేటి పెద్ద కార్యాలయంలో ప్రింటర్ ఏ ఒక్క బల్లకూ చెందినది కాదు. నూరు బల్లల నుంచి వచ్చే పనిని సర్వర్ మీది సాఫ్ట్‌వేర్ స్వీకరించి, వరుసలో నిలబెట్టి, ఎవరికి అనుమతి ఉన్నదో, ఎవరి కాగితం ముందు వెళ్లాలో నిర్ణయిస్తుంది. ఈ వరుసను కాచే భాగాన్ని స్పూలర్ అంటారు. బల్ల మీద కూర్చున్న వ్యక్తి ఆదేశమిస్తాడు, ట్రేలో కాగితం పడుతుంది. నడుమ జరిగేది అతనికి కనిపించదు. కనుక కాగితం మీద ఉన్నది సత్యమని నమ్మే మన పాత అలవాటు ఇప్పుడు, తెలిసో తెలియకో, ఆ నడుమనున్న సాఫ్ట్‌వేర్ మీద పెట్టుకున్న నమ్మకంగా మారిపోయింది.

ఢాకా మోతీఝీల్‌లోని బంగ్లాదేశ్ బ్యాంకులో ఇటువంటి ప్రింటర్ ఒకటి రేయింబవళ్లు పనిచేసేది. అంతర్జాతీయ చెల్లింపులకు స్విఫ్ట్ వ్యవస్థ ద్వారా వెళ్లే, వచ్చే సందేశాల ప్రతులు దాని నుంచి వాటంతట అవే వెలువడేవి. ఉదయం ఉద్యోగులు వచ్చి వాటిని చదివి, లెక్క సరిచూసుకునేవారు. దేశపు డాలర్ నిల్వల మీద మనిషి కన్ను పడే సందర్భం అదే. ఫిబ్రవరి 5, శుక్రవారం ఉదయం ట్రే ఖాళీగా ఉన్నది. చేతితో ఆదేశమిచ్చి చూసినా ప్రతులు రాలేదు. బంగ్లాదేశ్‌లో శుక్రవారం సెలవుదినం, వచ్చినవారు కొద్దిమంది. ఇటువంటి మొరాయింపు ఇంతకుముందూ జరిగినదే కనుక మామూలు లోపమే అనుకున్నామని ఆనాటి అధికారి తరువాత పోలీసులకు చెప్పారు. ఈ మాట విని నవ్వుకోగలిగిన కార్యాలయం మన దేశంలో ఎక్కడైనా ఉన్నదా?

శనివారం తెరమీద ఏదో ఒక ఫైలు లేదనో, మారిపోయిందనో హెచ్చరిక కనిపించింది. ఆ మధ్యాహ్నానికి ఎలాగో ప్రతులు తీయగలిగారు. అప్పుడు బయటపడ్డది అసలు విషయం: గురువారం రాత్రి, కార్యాలయం మూసిన తరువాత, తమ పేరుతో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకు 35 చెల్లింపు ఆదేశాలు వెళ్లాయి. వాటి మొత్తం 95 కోట్ల 10 లక్షల డాలర్లు. వాటిలో కొన్నింటిపై సందేహం వెలిబుచ్చుతూ న్యూయార్క్ పంపిన ప్రశ్నలు కూడా అదే మూగ ప్రింటర్ వెనుక చిక్కుకుని ఉన్నాయి. ఢాకాకు తెలిసేసరికి న్యూయార్క్‌లో వారాంతం. అక్కడ తలుపులు తెరిచేసరికి సోమవారం; ఆనాడు చైనీయుల నూతన సంవత్సరం సందర్భంగా మనీలాలో సెలవు. దొంగలు మూడు దేశాల పంచాంగాలను దగ్గర పెట్టుకుని ముహూర్తం నిర్ణయించారు.

35 ఆదేశాలలో 30 న్యూయార్క్‌లోనే నిలిచిపోయాయి. అయిదు దాటిపోయాయి. శ్రీలంకకు వెళ్లిన 2 కోట్ల డాలర్లు, లబ్ధి పొందవలసిన సంస్థ పేరులో 'ఫౌండేషన్' అన్న మాటను తప్పుగా రాసిన పుణ్యాన, వెనక్కు వచ్చాయి. మిగిలిన 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలాలోని ఒక బ్యాంకు శాఖకు చేరి, అక్కడి నుంచి జూదశాలలలోకి పోయాయి. తరువాత తిరిగి వచ్చినది సుమారు కోటిన్నర.

ఇందులో మన దృష్టి నిలవవలసినది యంత్రం వద్ద జరిగిన పని మీద. 2016 ఏప్రిల్‌లో బ్రిటిష్ సంస్థ బీఏఈ సిస్టమ్స్ ఆ దొంగ సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించి వెల్లడించిన వివరాలు గమనార్హం. చెల్లింపుల రికార్డులను డేటాబేసు నుంచి చెరిపివేస్తే చాలదని దానిని రాసినవారికి తెలుసు. ధ్రువీకరణ సందేశం కాగితం మీద పడితే ఏ చిన్న ఉద్యోగి అయినా పట్టుకుంటాడు. అందుచేత ప్రింటర్‌కు వెళ్లే సందేశాన్ని దారిలోనే అడ్డగించి, దిద్దిన ప్రతిని ముందుకు పంపే ఏర్పాటు కూడా అందులో చేశారు. దొంగలు భయపడినది గోడలకు, తాళాలకు కాదు. ఉదయం వచ్చి ట్రేలో కాగితాలు చదివే మనిషికి. ఆ మనిషి విలువ అతని పై అధికారుల కంటే దొంగలకే బాగా తెలిసింది.

బ్యాంకులో ఫైర్‌వాల్ లేదనీ, పది డాలర్లకు దొరికే పాత స్విచ్‌లతో యంత్రాలను కలిపారనీ అక్కడి పోలీసు దర్యాప్తు అధికారి ఒకరు వెల్లడించారు. గవర్నర్ అతీయుర్ రెహమాన్ మార్చి 15న రాజీనామా చేశారు. ఆర్థికమంత్రి ముహిత్‌కు ఈ దోపిడీ సంగతి పత్రికల ద్వారా తెలిసిందంటే గోప్యత ఎంతవరకు పోయిందో ఊహించవచ్చు. ఫరాసుద్దీన్ కమిటీ 2016 మే 30న తుది నివేదిక సమర్పించింది. దానిని బహిరంగపరుస్తామన్న ప్రభుత్వం వాయిదాలతో సరిపెట్టింది. మనీలాలో శిక్ష పడినది, 2019 జనవరిలో, ఒక శాఖ మేనేజరుకు. 2018లో అమెరికా ఒక ఉత్తర కొరియా పౌరునిపై అభియోగం మోపింది. అటువంటి వ్యక్తే లేడని ఆ దేశం జవాబిచ్చింది.

మనకు ఇది పొరుగింటి ముచ్చట కాదు. అదే ఏడాది జూలైలో యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియా నుంచి ఇదే మార్గంలో 17 కోట్ల డాలర్లు తరలించే ప్రయత్నం జరిగింది. అక్కడ సొమ్ము దక్కడానికి కారణం, విదేశీ ఖాతా లెక్కను తమ లెక్కతో మరునాడే సరిపోల్చి తేడాను పట్టుకోవడం. ఎదుటివారు పంపిన సందేశాలెన్ని, మన ట్రేలో పడినవెన్ని అని అడగడమే అసలు మరమ్మతు. ప్రింటర్‌ను ఆపి వేసినంత మాత్రాన ఆ ప్రశ్నకు జవాబు రాదు.

ఇక ముద్రణ సాఫ్ట్‌వేర్ స్వయంగా దొంగకు ద్వారమైన సందర్భాలూ ఉన్నాయి. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వ్యాపించిన మార్గాలలో విండోస్ స్పూలర్‌లోని లోపం ఒకటి. సిమాంటెక్ లెక్కలో దాని బారిన పడిన దేశాలలో ఇరాన్, ఇండోనేషియాల తరువాత స్థానం భారతదేశానిదే. 2021 జూలైలో అదే స్పూలర్‌లో బయటపడిన మరో లోపానికి మైక్రోసాఫ్ట్ అత్యవసర సవరణ విడుదల చేయవలసి వచ్చింది. ముద్రణతో పనిలేని సర్వర్లలో స్పూలర్‌ను నిలిపివేయమని నిపుణులు చెప్పారు. 2023 ఏప్రిల్‌లో పేపర్‌కట్ అనే ముద్రణ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను దుండగులు వాడుకున్నారు. దాని సవరణ మార్చిలోనే సిద్ధమైనా, వేసుకోనివారు చిక్కుకున్నారు. మంత్రిత్వశాఖలో ముఖ్యమైన సర్వర్లకు రక్షణ ఉంటుంది. ప్రింటర్ సర్వర్‌ను ఎవరు తలుస్తారు?

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు స్తంభించినప్పుడు రోగుల నమోదు రెండు వారాలపాటు చేతిరాతతో సాగింది. నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. ఎయిమ్స్‌లో కాగితం ఆదుకున్నదంటే అది సర్వర్‌కు లోబడని కాగితం కనుకనే. ఢాకాలోని కాగితం సర్వర్ చెప్పుచేతలలో ఉన్నది.

ఎయిమ్స్ ఉదంతానికి ముందే, 2022 ఏప్రిల్ 28న, సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన ఆరు గంటలలోగా నివేదించాలి. ఆ గడియారం తిరగడం మొదలయ్యేది గుర్తించిన క్షణం నుంచి. గుర్తించవలసినవాడు చాలాచోట్ల కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటరు. "ప్రింటు రావడం లేదు" అని అతడు వచ్చి చెప్పినప్పుడు, తీగ చూసుకోమని తిప్పి పంపకుండా, వరుసలో ఏమి ఆగింది, ఎప్పటినుంచి ఆగింది, ఎవరు ఆపారు అని అడిగే అధికారి ఎవరో ఆ ఆదేశాలలో లేదు.