విటమినే కదా అనుకునే ముందు: క్యాన్సర్ రోగికి విటమిన్ సి మేలా, కీడా?

చెన్నై అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెలుగువాళ్లకు కొత్త చోటు కాదు. చెల్లెలు క్యాన్సర్‌తో కన్నుమూసిన బాధలోంచి డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు పట్టుబట్టి 1954లో తెరిపించిన ఆసుపత్రి అది. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో ఎవరికైనా ఈ జబ్బు బయటపడితే నేటికీ ముందు గుర్తొచ్చే పేర్లలో అదొకటి. కీమో మొదలైందన్న కబురు ఊరికి చేరగానే పలకరింపులతో పాటు సలహాలూ మొదలవుతాయి. ఒకరు పసుపు పాలు తాగమంటారు, ఇంకొకరు గోధుమగడ్డి రసం అంటారు. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే నారింజ రంగు మాత్ర సంగతి ఎవరో ఒకరు తప్పకుండా ఎత్తుతారు. "విటమిన్ సి మాత్రే కదా అక్కా, వేసుకుంటే పోయేదేముంది?"

ప్రేమతో అన్న మాటే అది. కానీ జవాబు చెప్పాల్సిన ప్రశ్న కూడా. విటమిన్ సి క్యాన్సర్‌ను అణచివేస్తుందా, లేక కీమోకు అడ్డుపడుతుందా అని వైద్యులు యాభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఇరుపక్షాల దగ్గరా ఆధారాలున్నాయి. వాటిని వరసగా చూస్తే, ఇంట్లో మనమేం చేయాలో తేల్చుకోవడం అంత కష్టం కాదు.

మద్రాసులో చదివిన మనిషి చూపిన దారి

విటమిన్ సి కంటే ముందే మరో విటమిన్ విషయంలో ఇదే చిక్కు వచ్చింది. అందులో ఉన్నది మనవాడే. భీమవరంలో పుట్టి, మద్రాసు ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో, ప్రెసిడెన్సీ కాలేజీలో, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920లలో అమెరికా వెళ్లారు. ఆయన నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఇది బి వర్గపు విటమిన్. రక్తహీనతకు, ఆయన సొంత సోదరుణ్ని బలిగొన్న స్ప్రూ వ్యాధికి ఇది మందు.

ఆ రోజుల్లో ఈ విటమిన్‌తో ఎలుకల్లో కణితులు కరిగాయని వార్తలు వచ్చాయి. సహజంగానే దాన్ని మనుషులకూ ఇచ్చి చూశారు. బోస్టన్‌లో పిల్లల వైద్యశాలలో పనిచేసే సిడ్నీ ఫార్బర్, లుకేమియా ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చినప్పుడు జబ్బు నెమ్మదించకపోగా వేగం పుంజుకుందని గమనించారు. రక్తకణాలు పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. లుకేమియా కణాలకూ అదే మేత అయింది.

అయితే దాన్ని అందకుండా చేస్తే? ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనికి గండికొట్టే పదార్థాలను సుబ్బారావు గారి బృందం చేసి ఇచ్చింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ పదహారు మంది పిల్లలకు ఇస్తే, పదిమందిలో జబ్బు కొంతకాలం పాటు తగ్గుముఖం పట్టింది. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల లుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు.

కథ అక్కడితో ఆగలేదు. మెథోట్రెక్సేట్‌ను పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు ఆరోగ్యంగా ఉన్న కణాలు దెబ్బతినకుండా, ఫోలిక్ ఆమ్లపు మరో రూపమైన ల్యూకోవోరిన్‌ను డాక్టర్లే ఇస్తారు. అయితే గడియారం చూసి ఇస్తారు. ముందే ఇస్తే మందు పనిచేయదు, బాగా ఆలస్యమైతే రోగికే ప్రమాదం. ఒకే విటమిన్ ఒక పూట అడ్డంకి, మరో పూట ప్రాణరక్షణ. విటమిన్ సి గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి.

పౌలింగ్ నమ్మకం, మేయో పరీక్ష

లైనస్ పౌలింగ్ రెండు నోబెల్ బహుమతులు అందుకున్న శాస్త్రవేత్త. స్కాట్లండ్‌లో వేల్ ఆఫ్ లెవెన్ ఆసుపత్రి సర్జన్ ఇవాన్ కామెరాన్‌తో కలిసి 1976లో ఒక నివేదిక ప్రచురించారు. ఇక వైద్యం లేదని వదిలేసిన వందమంది రోగులకు రోజుకు పది గ్రాముల చొప్పున విటమిన్ సి ఇచ్చారు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఇరవై. పాత రికార్డుల నుంచి తీసిన వెయ్యిమంది రోగులతో పోలిస్తే వీళ్లు నాలుగు రెట్లకు పైగా ఎక్కువ కాలం బతికారని రాశారు.

లోపం ఆ పోలికలోనే ఉంది. 'ఇక వైద్యం లేదు' అని ఒక రోగికి ముందుగా రాస్తారు, మరొకరికి చివరి దశలో రాస్తారు. లెక్క ఆ రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి, ముందుగా రాయించుకున్నవారు ఏ మందూ లేకుండానే ఎక్కువ కాలం బతికినట్టు కనిపిస్తారు. అందుకే ఎవరికి మందు, ఎవరికి ఉత్తుత్తి మాత్ర అన్నది చీటీ వేసినట్టు తేల్చి, ఆ సంగతి రోగికీ డాక్టరుకూ తెలియనివ్వకుండా పరీక్షించాలి.

అమెరికాలో మేయో క్లినిక్ ఆ పని చేసింది. 1979లో ఒకసారి, 1985లో మరోసారి ఫలితాలు ప్రకటించింది. రోజుకు అదే పది గ్రాములు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి కంటే విటమిన్ వేసుకున్నవారికి ఒరిగిందేమీ లేదు. పౌలింగ్ ఒప్పుకోలేదు. 1994లో ప్రొస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయేదాకా తన మాట మీదే ఉన్నారు. వైద్యలోకం మాత్రం ఆ అధ్యాయం ముగిసిందనుకుంది.

నోటి దారి వేరు, నరం దారి వేరు

చాలాకాలం ఎవరూ పట్టించుకోని తేడా ఒకటుంది. కామెరాన్ తన రోగులకు మొదటి రోజుల్లో విటమిన్ సిని నరం ద్వారా ఎక్కించి, తర్వాత నోటితో ఇచ్చారు. మేయోలో అంతా నోటితోనే.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మార్క్ లెవీన్ బృందం ఈ తేడాను కొలిచింది. ఒక పూటకు 200 మిల్లీగ్రాములు మింగితే దాదాపు అంతా ఒంటబడుతుంది. గ్రాము దాటితే అందులో సగం కూడా పేగు దాటి రక్తంలోకి రాదు. వచ్చినదాన్నీ మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. నిండిన కుండలో బిందెలకొద్దీ పోసినా నీటిమట్టం పెరగదు కదా, ఇదీ అంతే. నరంలోకి ఎక్కిస్తే పేగు అడ్డు ఉండదు. 50 గ్రాములు ఎక్కించినప్పుడు రక్తంలో చేరే స్థాయి, నోటితో ఎంత మింగినా చేరగలిగే గరిష్ఠానికి దాదాపు అరవై రెట్లని 2004లో లెక్కగట్టారు.

అంత ఎత్తుకు చేరినప్పుడు విటమిన్ సి గుణమే మారుతుంది. మామూలు స్థాయిలో అది కణాలకు రక్షణ. ఆ భారీ స్థాయిలో కణాల చుట్టూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. ఆరోగ్యకరమైన కణాలు దాన్ని విరిచేసుకోగలవు. చాలా రకాల క్యాన్సర్ కణాల్లో ఆ శక్తి తక్కువ, పైగా విడిగా తిరిగే ఇనుము ఎక్కువ. అందుకే ప్రయోగశాలలో అవి ముందు చస్తాయి.

గాజు పాత్రలో చచ్చిన కణం వేరు, మంచం మీద ఉన్న మనిషి వేరు. చైనాలో 442 మంది ముదిరిన పెద్దపేగు క్యాన్సర్ రోగుల మీద జరిగిన పెద్ద పరీక్ష 2022లో వెలువడింది. కీమోకు విటమిన్ సి సెలైన్ జోడించినా మొత్తం మీద జబ్బు ముదరడం ఆలస్యం కాలేదు. రాస్ అనే జన్యువులో మార్పున్నవారిలో మాత్రం కొద్దిపాటి మేలు కనిపించింది. అయోవా విశ్వవిద్యాలయం 2024లో ప్రకటించిన పరీక్షలో, ముదిరిన క్లోమ గ్రంథి క్యాన్సర్‌కు కీమోతో పాటు వారానికి మూడుసార్లు 75 గ్రాముల చొప్పున ఎక్కించారు. కీమో ఒక్కటే తీసుకున్నవారు సుమారు 8 నెలలు బతికితే, వీళ్లు 16 నెలలు బతికారు. ఆశ పుట్టించే అంకెలే. కానీ అందులో ఉన్నది 34 మందే. ఇంకా పెద్ద పరీక్షల్లో నిలబడితేనే అది వైద్యమవుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ క్యాన్సర్ చికిత్సగా దీన్ని నేటికీ ఆమోదించలేదు.

కీడు ఎక్కడ పొంచి ఉంది

మొదటి భయం కీమోకు అడ్డుపడుతుందేమోనని. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ పరిశోధకులు 2008లో లుకేమియా, లింఫోమా కణాలకు ముందు విటమిన్ సి ఇచ్చి తర్వాత కీమో మందులు వేశారు. విటమిన్ అందిన కణాలు తక్కువ చచ్చాయి. ఎలుకల్లోనూ విటమిన్ ఇచ్చినవాటి కణితులే పెద్దవయ్యాయి. మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు వాడే బోర్టెజోమిబ్ మందు బలాన్ని విటమిన్ సి తగ్గిస్తుందని మరికొన్ని ప్రయోగాలు చూపాయి. అందుకే ఆ మందు తీసుకునేవారిని విటమిన్ సి మాత్రలు ఆపమని డాక్టర్లు చెబుతారు. ఇవి చాలావరకు ప్రయోగశాల ఫలితాలే. అయినా ప్రాణం మీదికొచ్చిన వేళ ఈ మాత్రం అనుమానం చాలు, జాగ్రత్త పడటానికి.

మిగతా ప్రమాదాల విషయంలో అనుమానం అక్కర్లేదు. విటమిన్ సి ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. భారీ మోతాదులో అది మూత్రపిండాల్లో పేరుకుని రాళ్లు కడుతుంది, ఒక్కోసారి కిడ్నీలనే దెబ్బతీస్తుంది. కొన్ని కీమో మందులతో కిడ్నీలు అప్పటికే అలసి ఉంటాయి. జి6పిడి అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవారికి ఈ సెలైన్ ఎక్కిస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఒంట్లో ఇనుము ఎక్కువగా పేరుకున్నవారికీ ఇది మంచిది కాదు.

చక్కెర వ్యాధి ఉన్న ఇళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఇంకొకటి. విటమిన్ సి సెలైన్ ఎక్కించాక కొన్ని రకాల గ్లూకోమీటర్లు రక్తంలోని విటమిన్‌నే చక్కెరగా పొరబడతాయి. తెర మీద లేని చక్కెరకు పెద్ద అంకె కనిపిస్తుంది. అది నమ్మి ఇన్సులిన్ వేస్తే, అసలు చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఆ రోజుల్లో ల్యాబులో చేయించిన పరీక్షనే నమ్మాలి.

మరి ఇంట్లో ఏం చేయాలి?

తిండిలో దొరికే విటమిన్ సిని చూసి భయపడొద్దు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది మగవారికి 80, ఆడవారికి 65 మిల్లీగ్రాములని భారత వైద్య పరిశోధన మండలి చెబుతోంది. వంద గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది, ఉసిరికాయలో ఇంకా ఎక్కువ. తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో పచ్చి పండ్లు తినొచ్చా అన్నది మాత్రం డాక్టరును అడగాలి. అది విటమిన్ భయం కాదు, ఇన్‌ఫెక్షన్ భయం.

మాత్రల సంగతి వేరు. కీమో, రేడియేషన్ నడుస్తున్నంత కాలం డాక్టరు రాయని ఏ విటమిన్ మాత్రనూ సొంతంగా మొదలుపెట్టొద్దు. ఇప్పటికే వేసుకుంటుంటే దాచొద్దు. మాత్రల అట్టలు, పొడి డబ్బాలు, ఊరి నుంచి తెచ్చిన కషాయం సీసా, అన్నీ సంచిలో వేసుకుని తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. తిడతారేమోనని ఆ మాట మింగేసే రోగులు చాలామంది ఉంటారు. డాక్టర్లు కూడా కసురుకోకుండా, తామే ముందుగా అడిగితే సగం ప్రమాదం తప్పుతుంది.

నరంలోకి విటమిన్ ఎక్కిస్తాం, క్యాన్సర్ తగ్గుతుందని డబ్బు అడిగే చోట మూడు ప్రశ్నలు వేయండి. ఇది నమోదైన పరీక్షలో భాగమా? జి6పిడి పరీక్ష, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష చేశారా? నా క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడారా? ఒక్కదానికైనా సూటిగా జవాబు రాకపోతే లేచి వచ్చేయండి. చేస్తున్న చికిత్స మానేసి ఇది చేయించుకొమ్మంటే ఇక ఏ ప్రశ్నా అక్కర్లేదు.

మేలా కీడా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. ఎంత మోతాదు, ఏ దారిన, ఏ రకం క్యాన్సర్‌కు, ఏ మందుతో కలిపి, ఎప్పుడు అన్నవి తేలితేనే జవాబు తేలుతుంది. ఈ రోజుకున్న ఆధారాలతో చెప్పగలిగింది ఇది: మాత్రలతో క్యాన్సర్ తగ్గదు, కీమోకు అడ్డుపడే అవకాశం మాత్రం ఉంది. సెలైన్ ఇంకా పరీక్షల్లోనే ఉంది, అక్కడే ఉండాలి. ఫోలిక్ ఆమ్లం మీద పెట్టుకున్న ఆశ తలకిందులైనప్పుడు ఫార్బర్, సుబ్బారావు ఆ ఆశనే పట్టుకుని వేలాడలేదు. రోగి రక్తం ఏం చెబుతోందో చూశారు, దారి మార్చుకున్నారు. పిల్లల ప్రాణాలు నిలిపే మందు ఆ దారిలోనే దొరికింది. అక్క మీద ప్రేమ ఉన్నవాళ్లు మాత్ర చేతిలో పెట్టే ముందు, ఆ మాత్ర సంగతి ఆమె డాక్టరును అడగాలి.