బాగున్నారా? జపానులో ఒక కుశలప్రశ్న కథ

ఉత్తరం వ్రాయడానికి కూర్చున్నప్పుడు మన పెద్దలు ముందుగా తమ క్షేమం తెలిపి, అవతలివారి క్షేమం అడిగేవారు. ‘ఉభయకుశలోపరి’ అన్న తరువాతనే అసలు విషయం. ఇప్పటికీ వీథిలో ఎదురైనవారిని “బాగున్నారా?” అని పలకరిస్తాము. వారు “బాగున్నామండీ” అంటారు. ఇంట్లో బియ్యం నిండుకున్నా, అప్పులవాడు గుమ్మంలో తిష్ఠ వేసినా ఆ జవాబు మారదు. అది మర్యాదే గాని సమాచారం కాదు. అడిగినవారికీ చెప్పినవారికీ ఆ సంగతి తెలుసు.

అయితే ఒక దేశం తన ప్రజలను ఇదే ప్రశ్న అడిగి, మర్యాద కోసం కాక నిజమైన జవాబు కోసం చెవి ఒగ్గి నిలబడితే ఎట్లా ఉంటుంది? ఒక్కనాడు కాదు, అరవై ఏళ్లకు పైబడి, ఇంచుమించు అవే మాటలతో అడుగుతూ పోతే ఏమి తెలుస్తుంది? జపాను దేశం ఆ పని చేసినది, నేటికీ చేస్తున్నది.

సభాపర్వం చదివినవారికి నారదుడు ధర్మరాజును అడిగిన కుశలప్రశ్నలు జ్ఞాపకం ఉంటవి. సైనికులకు జీతాలు వేళకు అందుతున్నవా, చెరువులు నిండి ఉన్నవా, సేద్యగాండ్రకు విత్తనాలకు కొదవ లేదు గదా అని మహర్షి వరుసగా అడిగినాడు. ప్రశ్నలు ఎంతో గొప్పవి. కాని జవాబు చెప్పినవాడు రాజు. చెరువు క్రింద బ్రతికే రైతును అడిగినవారు లేరు. ఇరవయ్యవ శతాబ్దం తెచ్చిన మార్పు ఇదే. రాజ్యం ఎట్లా ఉన్నదో రాజును అడిగి లాభం లేదని, ఆ రాజ్యంలో కాపురం చేసేవారినే అడగవలెనని లోకం గ్రహించినది.

కోట్ల మందిని అడగడం ఎట్లా? మన ఇల్లాండ్రకు ఈ శాస్త్రం కొత్తది కాదు. అన్నం ఉడికినదీ లేనిదీ తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. కాని పైపై మెతుకు పట్టి చూసినవారికి అడుగు మాడిన సంగతి తెలియదు. అందుచేత మెతుకు ఏ మూల నుంచి వచ్చేదీ మన ఇష్టానికి వదలరాదు. జనాభా పట్టికల నుంచి, లాటరీ తీసినట్లుగా, ఎవరి పేరైనా సమానంగా వచ్చే వీలుండేటట్లు ఎన్నుకోవలెను. దీనినే నమూనా పద్ధతి అంటారు. మన దేశంలోనూ మహలనోబిస్ చొరవతో 1950లో జాతీయ నమూనా సర్వే ఆరంభమైనది.

జపానులో ఈ పద్ధతికి మొదటి పెద్ద పరీక్ష చదువు విషయంలోనే జరిగినదంటే ఉపాధ్యాయులకు ఆసక్తి కలుగుతుంది. 1945లో యుద్ధంలో ఓడిన జపాను అమెరికా సైన్యాల ఆధీనంలో ఉన్నది. చీనా నుంచి వచ్చిన వేలకొలది అక్షరాలు సామాన్యునికి అందవనీ, వాటిని త్రోసి రోమను లిపి పెట్టడం మేలనీ కొందరి వాదన. నిజమేమిటో తేల్చడానికి 1948 ఆగస్టులో పదిహేను మొదలు అరవై నాలుగేళ్ల వయసు దాకా సుమారు పదిహేడు వేల మందికి దేశమంతటా పరీక్ష పెట్టినారు. వారిని ఎన్నుకునే పద్ధతిని రూపొందించిన పనిలో హయాషి చికియో అనే గణాంక శాస్త్రవేత్త పాల్గొన్నాడు. ఒక్క ప్రశ్నకూ సరైన జవాబు వ్రాయలేక సున్న తెచ్చుకున్నవారు నూటికి ఇద్దరైనా లేరు.

ఆ పనిలో ఉన్న యువ భాషాశాస్త్రవేత్త షిబాటా తకేషి తరువాతి కాలంలో ఒక జ్ఞాపకం చెప్పినాడు. ఫలితాలను కొంచెం మార్చరాదా అని అమెరికా అధికారి తనను అడిగినాడనీ, పండితుడుగా తాను ఆ పని చేయలేనన్నాననీ ఆయన మాట. లిపి మార్పు ఆలోచన ఆ తరువాత ముందుకు సాగలేదు. కాని ఇదే పరీక్షకు రెండవ ముఖం కూడా ఉన్నది. అన్ని ప్రశ్నలకూ తప్పు లేకుండా వ్రాసినవారు కూడా బహు కొద్దిమందే. సున్నలను లెక్కించినవారు దేశమంతా చదువుకున్నదన్నారు. పూర్తి మార్కులను లెక్కించినవారికి వార్తాపత్రిక ధారాళంగా చదవలేని జనం కనబడినారు. అంకె అబద్ధమాడలేదు, ఎవరు ఏ ప్రశ్నతో దానిని సమీపిస్తే ఆ ప్రశ్నకే అది జవాబిచ్చినది.

ఈ వివేకం పట్టుబడిన తరువాత 1953లో జపాను గణాంక గణిత సంస్థ ‘జాతీయ స్వభావ పరిశీలన’ అనే కార్యం తలపెట్టినది. అయిదేళ్లకొక మారు దేశమంతా తిరిగి, మనుషుల ఎదుట కూర్చుండి అడగడం దాని పద్ధతి. ముఖ్యమైన ప్రశ్నల మాటలు మార్చకపోవడం దాని వ్రతం. కొలబద్ద పొడుగు ఏటేటా మారితే పిల్లవాడు ఎదిగినదీ లేనిదీ ఎవరు చెప్పగలరు?

ఆ ప్రశ్నలు ఎంత సామాన్యమైనవో చూడండి. “మళ్ళీ జన్మ ఉంటే స్త్రీగా పుట్టదలచినారా, పురుషుడుగా పుట్టదలచినారా?” 1958లో స్త్రీలలో మళ్ళీ స్త్రీగానే పుడతామన్నవారు నూటికి 27 మంది మాత్రమే. అరవై మందికి పైగా పురుషజన్మ కోరినారు. 2013 నాటికి స్త్రీజన్మనే కోరిన స్త్రీలు నూటికి 71 మంది అయినారు. ఆడదాని బ్రతుకెంత కష్టమో, అది ఎంత తేలికపడినదో చెప్పడానికి ఎన్ని గ్రంథాలు వ్రాసినా ఈ రెండంకెలు చెప్పినంత సూటిగా చెప్పలేవు.

“మీకు అన్నిటికంటె ముఖ్యమైనది ఏది? ఒక్కటే చెప్పండి” అని మరొక ప్రశ్న. 1958లో ‘కుటుంబం’ అన్నవారు నూటికి 12 మంది. 2013లో 44 మంది. ఈ అంకె చూసి జపానువారికి కుటుంబ ప్రేమ కొత్తగా పుట్టినదని తొందరపడరాదు. ఆ కాలంలోనే అక్కడ ఉమ్మడి కాపురాలు చీలినవి, పిల్లలు తగ్గినారు. కలిగి ఉన్నంత కాలం పేరు పెట్టి పిలవని వస్తువును, చేజారుతున్నదని తోచినప్పుడు మనిషి పేరు పెట్టి పిలుస్తాడు కాబోలునని నాకు తోస్తుంది.

ఇక సంసారం సంగతి. 1958 నుంచి ప్రభుత్వమే ‘ప్రజల జీవనంపై అభిప్రాయ సేకరణ’ మొదలుపెట్టి, కొన్ని ఏండ్లు తప్ప ఏటేటా జరుపుతున్నది. “లోకం దృష్టిలో మీ జీవన స్థాయి ఏ మెట్టున ఉన్నది?” అన్నది అందులో ప్రసిద్ధమైన ప్రశ్న. ఎగువ, మధ్యలో ఎగువ, నడిమధ్య, మధ్యలో దిగువ, దిగువ అని అయిదు మెట్లు చూపుతారు. మొదటి ఏడు నూటికి 70 మందికి పైగా ఏదో ఒక మధ్య మెట్టు ఎక్కినారు. 1970ల నాటికి వారు నూటికి 90 మంది అయినారు. ‘పది కోట్ల మందీ మధ్యతరగతే’ అన్న నానుడి దేశంలో పుట్టినది.

అది గర్వించదగిన కాలమే. 1950ల చివర బట్టలుతికే యంత్రం, రిఫ్రిజిరేటరు, టెలివిజను అనే మూడింటిని జపానువారు ‘మూడు దివ్యనిధులు’ అని వేడుకగా పిలుచుకున్నారు. చక్రవర్తి వంశానికి అద్దం, ఖడ్గం, మణి ఎట్లాగో గృహస్థుకు ఈ మూడూ అట్లాగని భావం. తరువాతి దశాబ్దంలో కారు, కూలరు, రంగుల టెలివిజను ఆ స్థానానికి వచ్చినవి. ఇరుగుపొరుగు ఇండ్లలో అవే వస్తువులు చేరితే, ‘మనమూ నలుగురితో పాటే’ అన్న తృప్తి సహజం.

కాని ఆ మెట్ల పేర్లు మరొకమారు చదవండి. అయిదింటిలో మూడింటికి ‘మధ్య’ అనే పేరే ఉన్నది! నేను గొప్పవాడినని చెప్పుకోవడానికి వినయం అడ్డు; దిగువవాడినని చెప్పుకోవడానికి అభిమానం అడ్డు. మిగిలినది మధ్యయే గదా. కిషిమొతొ షిగెనొబు అనే అర్థశాస్త్రజ్ఞుడు 1978లో ఈ మధ్యతరగతి భావం ఒక భ్రాంతి అని పుస్తకమే వ్రాసినాడు. తరువాతి చరిత్ర ఆయన అనుమానానికి బలం చేకూర్చినది. 1990ల నుంచి ఆర్థికవృద్ధి మందగించినది. 2010లలో ఉద్యోగులలో మూడవ వంతుకు మించి స్థిరత లేని కొలువులలో ఉన్నారు. అయినా 2019లోనూ నూటికి 90 మందికి పైగా మధ్య మెట్టుననే ఉన్నామన్నారు. మన వీథిలో వినిపించే “బాగున్నామండీ” ఇదే కాదా?

అదే సేకరణలో మరొక ప్రశ్న ఉన్నది. ఇక ముందు వస్తువుల సమృద్ధి ముఖ్యమా, మనసు నిండుదనం ముఖ్యమా అని 1972 నుంచి అడుగుతూ వచ్చినారు. మొదట వస్తువులకే కొంచెం మొగ్గు. 1970ల చివర తక్కెడ మారినది. 2019లో మనసు వైపు నూటికి 62 మంది, వస్తువుల వైపు 30 మందికి లోపు. కడుపు నిండిన తరువాత గాని మనసు ఆకలి తెలియదని కొందరి వ్యాఖ్యానం. వస్తువులు కొనలేనివారు మనసును ఆశ్రయించినారేమోనని మరొక సందేహం కూడా కలుగుతుంది. ఒకే అంకెలో సంపదా ఉండవచ్చు, సరిపెట్టుకోవడమూ ఉండవచ్చు.

వినియోగదారుల మనసు తెలుసుకోవడానికి వేరొక సేకరణ కలదు. రానున్న ఆరు నెలలలో మీ జీవనం, రాబడి, ఉద్యోగావకాశాలు ఎట్లా ఉంటవి, పెద్ద వస్తువులు కొనడానికి ఇది అదనేనా అని ఎనిమిది వేలకు పైబడిన కుటుంబాలను నెలనెలా అడుగుతారు. ‘మెరుగు’ నుంచి ‘అధ్వాన్నం’ వరకు అయిదు జవాబులు. అందరూ ‘మార్పు లేదు’ అంటే సూచిక 50. కరోనా భయం కమ్మిన 2020 ఏప్రిల్‌లో అది 22కైనా చేరలేదు.

జపాను బాంకు కూడా మూడు నెలలకొకసారి ప్రజలను ధరల సంగతి అడుగుతుంది. 2023లో ప్రభుత్వ లెక్క ప్రకారం ధరలు నూటికి మూడు పెరిగితే, ప్రజలు తమకు తోచినట్లు చెప్పిన పెరుగుదల సగటున పదికి మించినది. ఇందులో ఎవరు తప్పు? ఇద్దరూ కాదు. ప్రభుత్వ పట్టికలో ఇంటి అద్దె, చదువు ఖర్చు, టెలిఫోను అన్నీ తూకం వేసి ఉన్నవి. ఇల్లాలి పట్టికలో నిన్న కొన్న గుడ్లూ, ఇవాళ కొన్న కూరలూ ఉన్నవి. రోజూ చేయి తగిలే ధరే మనసులో నిలుస్తుంది. అందుచేత మంచి పాలన ఈ రెండు పట్టికలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూసుకోవలెను.

ఈ సంగతి గ్రహించినవాడు ఒక నవలారచయిత కావడం సాహిత్యాభిమానులకు సంతోషం కలిగించే విషయం. యుద్ధానంతరం కోకొల్లలుగా పుట్టిన తరాన్ని గురించి 1976లో నవల వ్రాసి పేరు పొందిన సకయ్య తయిచి, 1998లో ఆర్థిక ప్రణాళికా శాఖకు అధిపతి అయినాడు. ఆయన చొరవతో 2000 జనవరి నుంచి ఒక కొత్త సేకరణ ఆరంభమైనది. టాక్సీ నడిపేవారు, అంగడి నిర్వాహకులు, హోటలు సిబ్బంది మొదలుగా వీథి మొగను నిలిచి లోకాన్ని చూసే రెండు వేల మందికి పైగా మనుషులు ప్రతి నెలా తమ ఎదుట బేరాలు ఎట్లా ఉన్నవో చెబుతారు. అంకెతో పాటు ఎందుకట్లా అనుకున్నారో కారణం కూడా తమ మాటలలో చెబుతారు. రాత్రి పొద్దుపోయి టాక్సీ ఎక్కేవారు తగ్గినారంటే ఆ నగరంలో ఏమి జరుగుతున్నదో గ్రహించడానికి పట్టికలు తయారయ్యేదాకా ఆగనక్కరలేదు.

ఇంత శ్రద్ధగా అడిగే దేశానికీ ఒక చింత పట్టుకున్నది. తలుపులు మూతబడుతున్నవి. 1953లో జాతీయ స్వభావ పరిశీలనకు ఎన్నుకున్నవారిలో నూటికి ఎనభై మందికి పైగా జవాబు చెప్పినారు. 2013 నాటికి సగం మందే మిగిలినారు. పగలంతా తాళం వేసిన ఇండ్లు, కావలివాడుండే భవనాలు, క్రొత్తవారంటే జంకు, సొంత సంగతులు బయటపడతవన్న భయం ఇందుకు కారణాలు. కరోనా వచ్చిన 2020లో ప్రభుత్వ జీవన సేకరణ జరగనేలేదు. మరుసటి ఏడు ఎదురుగా కూర్చుండి అడిగే పద్ధతి విడిచి తపాలా ద్వారా అడిగినారు. మనిషి ముఖం చూసి చెప్పే జవాబూ, ఒంటరిగా కాగితం మీద గుర్తు పెట్టే జవాబూ ఒకటి కావు. వెనుకటి అంకెలతో కొత్త అంకెలను జోడించి పోల్చరాదని అప్పుడు జాగ్రత్త చెప్పవలసి వచ్చినది.

తలుపు తీయని ఆ సగం మంది ఎవరు? ఒంటరి వృద్ధులా, రాత్రి కొలువు చేసి పగలు నిద్రపోయే యువకులా? వారు సుఖంగా ఉన్నారో, చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారో అంకె చెప్పదు. అడుగు మాడినదేమోనని అనుమానం వచ్చినప్పుడు పై మెతుకులు ఎన్ని పట్టి చూసినా ఊరట కలగదు.

ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. పత్రికలో ‘నూటికి ఇందరు’ అని కనబడినప్పుడు ఆ అంకెను వెంటనే కంఠస్థం చేయకండి. ప్రశ్న ఏ మాటలతో అడిగినారు? ఎవరిని అడిగినారు? ఎంతమంది జవాబు చెప్పలేదు? ఈ మూడూ తరగతిలో అడిగించండి. పద్యానికి అన్వయం కుదరక తాత్పర్యం చెప్పరాదని మనము పిల్లలకు నేర్పుతాము. అంకెకు ప్రశ్నయే అన్వయం.

ఆ తరువాత, వీలైతే, ఒక సాయంత్రం ఎదురింటివారిని “బాగున్నారా?” అని అడిగి, “బాగున్నామండీ” అన్న తరువాత కూడా వెళ్ళిపోకుండా మరికొంతసేపు నిలబడి చూడండి. అసలు జవాబు ఒక్కొక్కప్పుడు అప్పుడు గాని బయటికి రాదు.